ఆరో చేప

నా పని లెక్క.
పోర్తో పక్క రేవులో, చేపల డబ్బాల కార్ఖానాలో,
అద్దాల గదిలో కూచుని
ఏ బల్ల మీద ఎన్ని డబ్బాలు నిండాయో రాసుకుంటాను.
పంతొమ్మిదేళ్లుగా ఒకటే పెన్సిలు.
అంటే, ఒకటే రకం పెన్సిలు.

ఈ జూన్‌లో, చేప కొవ్వు పట్టే రోజుల్లో,
లిస్బన్ నుంచి వల్దెమార్ వచ్చాడు.
మెత్తని బూట్లు. తడి నేల మీద రెండుసార్లు జారాడు.
రెండుసార్లూ ఎవరూ నవ్వలేదు,
చేతుల్లో కత్తెరలున్నాయి కదా.
గోడకు ఒక పెట్టె బిగించాడు. దానికి మూడు మీటలు:
నవ్వే మొహం, ఏమీ అనని మొహం, మూతి ముడిచిన మొహం.
పని దిగి వెళ్లేవాళ్లు ఏదో ఒకటి నొక్కాలి.
"సంతోషంగా ఉన్న చెయ్యి చురుగ్గా ఆడుతుంది,
నా దగ్గర పటాలున్నాయి" అన్నాడు.
మా మేస్త్రీ కాస్మె మాత్రం
నవ్వు నాలుగు విధాల చేటనే రకం.
ఇద్దరి మధ్యా నా రిజిస్టరు.

చేతులకు నూనె. అందుకని ఆడవాళ్లు మోచేత్తో నొక్కేవాళ్లు.
మోచేతికి మొహాలు తెలియవు.
ఒక్కోసారి రెండు మీటలు కలిసి పడేవి,
ఆ పూట లెక్కలో ఒకే మనిషి
నవ్వుతూ ఏడ్చినట్టు వచ్చేది.
అది తప్పని వల్దెమార్ కొట్టేసేవాడు.
నేనైతే ఉంచేదాన్ని.

జుల్మీరా సంగతి చెప్పాలి.
మొగుణ్ణి మంగళవారం పూడ్చిపెట్టి
గురువారం పొద్దున్నే బల్ల దగ్గర నిలబడింది.
సెలవు తీసుకోమంటే
"ఇంట్లో ఆయన కుర్చీ ఉంది. ఇక్కడ చేపలున్నాయి" అంది.
అంతే.
తల కోసి, తోక కోసి, ఐదేసి పడుకోబెట్టి,
మళ్లీ తల, మళ్లీ తోక,
మధ్యాహ్నం రొట్టె ముక్క కూడా ముట్టలేదు.
తొమ్మిది వందల పన్నెండు.
నా పుస్తకంలో అంతకు ముందు ఎవరి పేరు పక్కనా అంత అంకె లేదు.
వెళ్తూ వెళ్తూ మోచెయ్యి ఆనించింది,
నవ్వే మొహం వెలిగింది.
వల్దెమార్ నా గదిలోకి దాదాపు పరిగెత్తుకొచ్చాడు:
"చూశారా!"
చూశాను.
ఏం చూశానో ఆయనకు చెప్పలేదు.
ఎందుకు చెప్పలేదో నాకూ సరిగ్గా తెలియదు.

ఇక ఆ తర్వాతి సోమవారం.
గ్రసియెత్‌కి మనవరాలు పుట్టిందని
పదిన్నరకు ఆసుపత్రి నుంచి ఫొటో.
ఫోనుకు నూనె అంటకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి
బల్ల నుంచి బల్లకు పంపారు.
ముక్కు ఎవరి పోలికో తేలలేదు.
తేలేదాకా కత్తెర ఎవరూ ముట్టలేదు.
ఎవరో పాట ఎత్తుకున్నారు, రెండో చరణం ఎవరికీ రాదు,
మొదటిదే నాలుగుసార్లు పాడారు.
జుల్మీరా కూడా ఫొటో చూసింది.
చాలాసేపు చూసి పక్కకు అందించింది.
మూతలు బిగించే మిషను రెండుసార్లు ఆగింది:
ఐదు పట్టే డబ్బాలో ఎవరో ఆరు సర్దారు.
ఎవరని కాస్మె గద్దిస్తే
పద్నాలుగు మందీ నేనంటే నేనన్నారు.
పొద్దుగూకేసరికి నా అంకెలు సగానికి సగం.
పెట్టె దగ్గర ఒక్కరూ ఆగలేదు,
అదొకటి ఉందనే మర్చిపోయారు.

వల్దెమార్ పటంలో ఆ రోజు ఖాళీ.
సమాచారం లేదు అని రాసుకున్నాడు. మంచివాడే పాపం.
వెళ్లేముందు నన్నూ అడిగాడు,
మీరు సంతోషంగా ఉన్నారా అని.
"ఆగండి, లెక్క తప్పుతుంది" అన్నాను.

ఆ సాయంత్రం ఆరు చేపల డబ్బా
చెత్తబుట్ట పక్కన కనబడింది,
మూత పడక, అంచు వంగి.
ఏ గడిలో రాయాలి దాన్ని?
నిండినవాటిలోనా, పాడైనవాటిలోనా?
పెన్సిలు కాసేపు గాల్లోనే ఉంది.
చివరికి కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను,
కల్లుప్పు చల్లి పెనం మీద కాల్చాను,
పొయ్యి దగ్గరే నిలబడి తిన్నాను.
ఆరోది కాస్త చితికింది.
ముందు దాన్నే తిన్నాను.